క్వారంటైన్‌లో కూర్చున్న మనిషికి మనం ఏం బాకీ?

(జిల్లా ఆరోగ్య సిబ్బంది శిక్షణ కార్యక్రమంలో ఒక సామాజిక వైద్య అధ్యాపకుడు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. పొద్దున్నించి ఆక్సిజన్ ప్లాంట్లు, పీపీఈ కిట్లు, శాంపిళ్ల రవాణా గురించి చాలా విన్నారు. అవన్నీ కావాల్సినవే. నేను స్లైడ్లు తేలేదు. నాకిచ్చిన అంశం 'అంటువ్యాధులు – నైతికత' అని కార్డులో వేశారు. భోజనాల తర్వాత ఇలాంటి మాట వింటే సగం హాలు ఫోన్లు తీస్తుందని నాకు తెలుసు. అందుకని సిద్ధాంతం జోలికి పోకుండా ముందు మిమ్మల్ని ఒక ఆసుపత్రి వరండాలోకి తీసుకెళ్తాను.

2018 మే మొదటి వారం, కేరళలోని కోజికోడ్ మెడికల్ కాలేజీ. పేరాంబ్ర వైపు నుంచి వచ్చిన ఒక యువకుణ్ణి సీటీ స్కాన్ కోసం వరండాలో ఉంచారు. విపరీతమైన దగ్గు, వాంతులు. పెద్దాసుపత్రిలో ఆ చోటు ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పాలా? వరసగా స్ట్రెచర్లు, గోడవారగా కింద కూర్చున్న పేషెంట్ల తాలూకు మనుషులు, చేతిలో ఎక్స్‌రే కవర్లు. వాళ్లెవరికీ ఆ అబ్బాయితో సంబంధం లేదు. వాళ్ల పని మీద వాళ్లొచ్చారు. వాళ్లలో కొందరికి ఆ జబ్బు అంటుకుంది. అది నిపా అని, గబ్బిలాల నుంచి మనుషులకు వచ్చే ప్రాణాంతక వైరస్ అని, అప్పటికి ఎవరికీ తెలియదు. ఆ అబ్బాయి చనిపోయాడు, జబ్బేంటో తేలకుండానే. తర్వాత రెండు వారాలు తిరక్కుండా అతని అన్నను అవే లక్షణాలతో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చారు. ఒకే ఇంట్లో వరసగా మెదడువాపు ఏమిటని అక్కడి డాక్టర్లకు అనుమానం వచ్చింది. శాంపిల్ మణిపాల్‌లోని వైరస్ ల్యాబుకి వెళ్లింది. మే 20న పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ (ఎన్‌ఐవీ) నిపా అని ఖాయం చేసింది.

ఇంటి నుంచి రెండో మనిషి వచ్చేసరికి పట్టుకున్నారు. ఇది చిన్న విషయం కాదు. 2001లో పశ్చిమ బెంగాల్‌లోని సిలిగురిలో ఇదే జబ్బు వచ్చినప్పుడు 66 మందికి సోకి 45 మంది పోయారు. అక్కడా ఆసుపత్రుల్లోనే పాకింది, సిబ్బందికీ చూడ్డానికి వచ్చినవాళ్లకీ. అది నిపా అని తేలడానికి మాత్రం ఏళ్లు పట్టింది. కోజికోడ్‌లో 17 మంది చనిపోయాక ఆగింది.

ఎలా ఆగిందంటే అందరూ ల్యాబు గురించే చెబుతారు. నేను కాంటాక్టుల లిస్టు గురించి, అంటే రోగికి దగ్గరగా మెలిగినవాళ్ల పేర్ల గురించి చెబుతాను. రెండు వేల మందికి పైగా పేర్లు ఎక్కాయి అందులో. నిపాకు గమనింపు 21 రోజులు. అంటే ఏ జబ్బూ లేని మనిషిని, రేపు వస్తుందేమోనన్న అనుమానంతో, మూడు వారాలు ఇంట్లో కూర్చోమంటున్నాం. ఉపాధి హామీ కూలి రోజుకు 300 అనుకున్నా 6,300 రూపాయలు. ఆ మనిషికి ఆ 21 రోజుల వల్ల ఒరిగేదేమీ లేదు. జబ్బు రానున్నది వచ్చే తీరుతుంది, రానిది రాదు. లాభమంతా పక్కింటివాళ్లకి, ఊరికి. నష్టం మాత్రం ఆయన ఒక్కడిది. ఈ ఒక్క లెక్క మీ బుర్రలోకి ఎక్కితే నేను ఇక్కడికి వచ్చిన పని అయిపోయినట్టే.

కేరళలో ఆ ఇళ్లకు బియ్యం, సరుకులు పంపారు. ఫోన్ చేసి ఎలా ఉన్నారని అడిగారు. అదేదో ఉదారంగా చేసిన దానం అన్నట్టు పత్రికలు రాశాయి. అది దానం కాదండీ, బాకీ తీర్చడం. ఊరి కోసం నష్టపోయినవాడికి ఊరు కట్టాల్సిన సొమ్ము. 2003లో సార్స్ వచ్చినప్పుడు సింగపూర్ ఈ లెక్క బాహాటంగానే వేసింది. ఇంట్లో కూర్చోమని ఆర్డరు ఇచ్చిన స్వయం ఉపాధివాళ్లకు రోజుకు 70 సింగపూర్ డాలర్ల దాకా ఇచ్చింది. డబ్బున్న దేశం కదా అంటారు. మన దగ్గరా చేశారు. 2020 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో క్వారంటైన్ కేంద్రం నుంచి ఇంటికెళ్లే పేదవాళ్ల చేతిలో 2,000 రూపాయలు పెట్టారు. తక్కువే. పద్ధతి మాత్రం సరైనదే. ఇబ్బందల్లా ఒకటే, జబ్బు వచ్చాక, జనం కేంద్రాల్లో కూర్చున్నాక ఆ జీవో వచ్చింది. లిస్టులో పేరు చెప్పాలా వద్దా అని మనిషి తేల్చుకునే రోజున ఆ డబ్బు సంగతి ఆయనకు తెలియదు.

'డబ్బిస్తామంటే దొంగ కాంటాక్టులు పుట్టుకొస్తారు సార్' అని ఒక అధికారి నాతో వాదించారు. పుట్టుకొస్తారు, నిజమే. పది మంది ఎక్కువొస్తే పది బస్తాల బియ్యం ఖర్చు. ఒక్క అసలు కాంటాక్టు దాక్కుంటే ఆ ఖర్చు ఎంతో, ఆ స్కాన్ గది వరండా చూశారుగా.

సరే, బలవంతంగా చేస్తే పోలా అనే ఆలోచన ఉంటుంది. అది ఇప్పటిది కాదు. 1897 ఫిబ్రవరి 4న అంటువ్యాధుల చట్టం వచ్చింది, బొంబాయి ప్లేగు సమయంలో. నాలుగంటే నాలుగు సెక్షన్లు. ప్రభుత్వం ఏ చర్యయినా తీసుకోవచ్చు, ఎదిరిస్తే శిక్ష, అధికారి మీద కేసు పెట్టడానికి లేదు. సారాంశం ఇంతే. పరిహారం 'ఏదైనా ఉంటే' ఎవరు కట్టాలో ప్రభుత్వం తేల్చుకోవచ్చన్న ముక్క తప్ప, ఇంట్లోంచి ఈడ్చుకుపోయిన మనిషికి, తగలబెట్టిన సామానుకు సర్కారు ఇంత ఇచ్చి తీరాలని ఎక్కడా లేదు. పుణెలో రాండ్ అనే అధికారి కింద సైనికులు ఇల్లిల్లూ సోదా చేశారు. ప్లేగు గడ్డ వచ్చేది చంకలో, గజ్జల్లో. అంటే పరీక్ష పేరుతో ఆడవాళ్ల బట్టల మీద చెయ్యి వేయడమే, అదీ నలుగురిలో. జనం ఏం చేశారు? రోగుల్ని దాచారు, శవాల్ని దాచారు. జూన్ 22 రాత్రి, విక్టోరియా రాణి వజ్రోత్సవాల నాడు, చాపేకర్ సోదరులు రాండ్‌ని కాల్చారు. అదే పుణెలో, అదే ప్లేగులో, ఆ మార్చిలోనే సావిత్రీబాయి ఫూలే రోగులకు సేవ చేస్తూ జబ్బు అంటి చనిపోయారు. ఒకే ఊళ్లో రెండు రకాల ప్రజారోగ్యం నడిచిందన్నమాట.

ఆ చట్టం ఇంకా ఉంది. 2020లో సవరణ చేశారు, ఆరోగ్య సిబ్బంది మీద దాడి చేసి తీవ్రంగా గాయపరిస్తే ఏడేళ్ల దాకా జైలు అని. మంచిదే, అప్పట్లో రాళ్ల దెబ్బలు తిన్నవాళ్లున్నారు. క్వారంటైన్‌లో ఉన్న మనిషి బాకీ సంగతి మాత్రం అప్పుడూ అందులో రాలేదు.

బలవంతం అసలే వద్దని నేను అనడం లేదు. కొన్నిసార్లు తప్పదు. తిండీ జీతమూ చూసుకుంటామని చెప్పాక కూడా ఒకాయన బజారున పడి తిరుగుతుంటే పోలీసును పంపాల్సిందే. ముందే పోలీసును పంపి తర్వాత బియ్యం సంగతి ఆలోచిస్తే మాత్రం, మీ కాంటాక్ట్ ట్రేసింగ్ అక్కడితో సరి.

1994 సెప్టెంబరులో సూరత్ ఖాళీ అయింది. వరదల తర్వాత ప్లేగు అన్నారు. యాభై పైచిలుకు మంది చనిపోయారు. నాలుగైదు రోజుల్లో లక్షల మంది రైళ్లెక్కారు. సూరత్ మరమగ్గాల మీద బతికేవాళ్లలో ఒడిశావాళ్లూ, మహారాష్ట్రవాళ్లూ, వరంగల్, కరీంనగర్, నల్లగొండ వైపు నుంచి వెళ్లిన మన పద్మశాలీలూ ఉంటారు. వాళ్లు పారిపోయింది చదువు లేక, మూఢనమ్మకాల వల్ల అని అప్పట్లో చాలామంది రాశారు. నాకు ఆ మాట మీద చాలా కోపం. అక్కడ ముందు వెళ్లిపోయినవాళ్లలో ప్రైవేటు డాక్టర్లున్నారు, వాళ్లకు ఏ మూఢనమ్మకం? ప్లేగుకు వాడే టెట్రాసైక్లిన్ మందుల షాపుల్లో దొరకలేదు. మగ్గం ఆగితే ఆ రోజు కూలి లేదు. ఒక్క గదిలో ఆరుగురు పడుకుంటారు. 'ఉండండి, మందూ తిండీ మేం చూస్తాం' అన్న నాథుడు లేనప్పుడు, సొంతూరు రైలెక్కడం కన్నా తెలివైన పని ఆ కార్మికుడికి ఇంకేముంది? సమయానికి ఆ మందు పడితే ప్లేగు తగ్గుతుంది. ఆ సంగతి ఆ గదిలోకి వెళ్లి చెప్పి, చేతిలో మాత్రలు పెట్టే మనిషి లేడు.

దేశాల మధ్యా ఇదే తంతు. సూరత్ కబురు తెలియగానే గల్ఫ్ దేశాలు విమానాలు ఆపాయి, మన ఎగుమతులు దెబ్బతిన్నాయి. 2021 నవంబరులో దక్షిణాఫ్రికా శాస్త్రవేత్తలు కోవిడ్ కొత్త రకం ఒమిక్రాన్‌ని పట్టుకుని నిజాయితీగా లోకానికి చెప్పారు. బహుమానంగా ఆ దేశానికి విమానాలు బంద్! 2007లో ఇండోనేషియా బర్డ్‌ఫ్లూ శాంపిళ్లు ఇవ్వనని మొండికేసింది, మా వైరస్‌తో టీకా మీరు చేసుకుని మాకే అమ్ముతారా అని. మొండితనం అన్నారు, నాకు న్యాయంగానే కనిపించింది. 2025 మేలో ప్రపంచ ఆరోగ్య సభ మహమ్మారి ఒప్పందాన్ని ఆమోదించినప్పుడు కూడా, వైరస్ ఇచ్చినవాడికి టీకాలో వాటా ఎంతన్న పేచీని తర్వాతికి వాయిదా వేశారు. అది పెద్దవాళ్ల గొడవ, మన జిల్లాకొద్దాం.

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్‌ఫ్లూ. కోళ్ల రైతు సంగతి ఆలోచించండి. షెడ్డులో కోళ్లు తల వాల్చాయి. ఫోన్ చేసి చెబితే అధికారులొచ్చి మిగిలినవన్నీ చంపి పూడ్చేస్తారు. పరిహారం ఆ చంపినవాటికే, అప్పటికే చచ్చినవాటికి రాదు. ఈ నిబంధన వెనక తర్కం ఉంది, త్వరగా చెప్పినవాడికి ఎక్కువ వస్తుందని. కాగితం మీద బ్రహ్మాండంగా ఉంది. అది పనిచేయాలంటే మాత్రం డబ్బు వస్తుందని రైతుకు నమ్మకం ఉండాలి. ఎప్పుడొస్తుందో, ఎంతొస్తుందో, ఎవరి సంతకం కావాలో తెలియనప్పుడు ఆయన రెండ్రోజులు చూద్దామనుకుంటాడు. బతికున్నవి తెగనమ్ముకుంటాడు. చచ్చినవి కాలవలో పడతాయి. ఆ మార్చిలో నరసరావుపేటకు చెందిన రెండేళ్ల పాప బర్డ్‌ఫ్లూ వైరస్ హెచ్5ఎన్1 సోకి మంగళగిరి ఎయిమ్స్‌లో చనిపోయింది. ఆ పాపకూ ఆ షెడ్లకూ ముడిపెట్టడం లేదు నేను, ఆధారం లేదు. కోళ్ల దగ్గర దాచిన జబ్బు మనిషి దాకా రాగలదని చెప్పడానికే ఎత్తాను.

ఇప్పుడు మీ సంగతి. ముందు వరసలో ఆశాలు, ఏఎన్ఎంలు కూర్చున్నారు. పేరాంబ్ర తాలూకా ఆసుపత్రిలో ఆ మొదటి పేషెంటును చూసిన నర్సు లినీ, మే 21న చనిపోయింది. చిన్నపిల్లలిద్దరు. మళ్లీ చూడలేనేమోనని భర్తకు ఉత్తరం రాసింది. ఆ ఆసుపత్రి నర్సుల్ని ఆటోలవాళ్లు ఎక్కించుకోలేదు, బస్సులో పక్కన కూర్చోలేదు. కేరళ ప్రభుత్వం పిల్లలకు చెరో పది లక్షలు, భర్తకు ఉద్యోగం ఇచ్చింది. బాగుంది. కానీ అదే మెడికల్ కాలేజీలో నిపా వార్డులు ఊడ్చి, శవాల్ని మోసిన తాత్కాలిక సిబ్బందిని తర్వాత పనిలోంచి తీసేస్తే, 2019లో వాళ్లు ఆసుపత్రి ముందు దీక్షకు కూర్చోవాల్సి వచ్చింది. దేశమంతా మెచ్చుకున్న చోటే ఈ కథ. జనం మెచ్చుకోలుకు గడువు ఆరు నెలలు, కాంట్రాక్టు గడువు ఇంకా తక్కువ.

కోవిడ్‌లో చనిపోయిన ఆరోగ్య కార్యకర్తలకు కేంద్రం 50 లక్షల బీమా పెట్టింది. ఆశాలూ ఉన్నారందులో. కానీ క్లెయిమ్ కావాలంటే కోవిడ్ డ్యూటీలో ఉన్నట్టు పై అధికారి రాసిచ్చిన కాగితం కావాలన్నారు. ప్రైవేటు క్లినిక్ నడుపుతూ పోయిన డాక్టర్ల కుటుంబాలు కోర్టుల చుట్టూ తిరిగాయి. అందుకే మీకు చెబుతున్నా, డ్యూటీ ఆర్డరు నోటిమాటగా తీసుకోకండి. వాట్సాప్ గ్రూపులో 'అందరూ రేపు సర్వేకి వెళ్లాలి' అంటే అది ఆర్డరు కాదు. రాతపూర్వకంగా, పేరుతో, తేదీతో అడగండి. విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

చావుల దగ్గరికి వస్తే నాకు రెండు ఊళ్లు గుర్తొస్తాయి. కోజికోడ్‌లో శ్మశానం సిబ్బందే వెనకాడితే కార్పొరేషన్ ఆరోగ్య అధికారి డాక్టర్ గోపకుమార్ దగ్గరుండి అంత్యక్రియలు జరిపించారు. ఒక ముస్లిం కుటుంబం ఖననమే కావాలంది. కాల్చాల్సిందేనని పట్టుబట్టకుండా పది అడుగుల గొయ్యి తీయించి వాళ్ల పద్ధతిలోనే చేశారు. రెండోది మన పలాస, 2020 జూన్. కోవిడ్ సోకిన ఒకాయన చనిపోతే శవాన్ని జేసీబీ తొట్టిలో పెట్టి తీసుకెళ్లారు. వీడియో బయటికొచ్చింది, సస్పెన్షన్లు జరిగాయి. ఆ సిబ్బందిని తిట్టడం తేలిక. ఏ బండి రావాలి, ఎవరు మోయాలి, మోసేవాడికి కిట్టు ఎవరివ్వాలి అని ఏ కాగితంలో రాసి ఉంది చెప్పండి? భయంతో ఉన్న నలుగురు మనుషులకు చేతికందింది జేసీబీ. తర్వాత అంత్యక్రియలకు 15,000 ఇవ్వాలని ఆంధ్రలో ఉత్తర్వు వచ్చింది. మళ్లీ అదే మాట, తర్వాత.

ఇంకొక్కటి. ఇది చెబితే ఇక్కడ రెండు రాష్ట్రాలవాళ్లూ ఉన్నారు, కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. కోవిడ్ రెండో వేవ్‌లో, 2021 మే రెండో వారంలో, కర్నూలు దాటాక పుల్లూరు టోల్‌గేట్ దగ్గర తెలంగాణ పోలీసులు అంబులెన్సుల్ని ఆపారు. హైదరాబాద్ ఆసుపత్రిలో బెడ్ ఉన్నట్టు ముందే ఖాయం కావాలి, పాస్ కావాలి. ఆక్సిజన్ మీద ఉన్న మనిషి లోపల, బయట కొడుకు ఫోన్ పట్టుకుని ఆసుపత్రుల నంబర్లు తిప్పుతున్నాడు. ప్రాణాలు పోయాయి అక్కడ. మే 14న తెలంగాణ హైకోర్టు ఆ ఉత్తర్వును నిలిపేసింది. బెడ్లు తక్కువున్నాయి, మా జనానికే చాలడం లేదన్న తెలంగాణ వాదన అబద్ధం కాదు. కానీ 2024 జూన్ 2 దాకా హైదరాబాద్ చట్టప్రకారం ఉమ్మడి రాజధాని. రాయలసీమకు పెద్ద వైద్యమంటే దశాబ్దాలుగా హైదరాబాదే. ఎవరికి బెడ్ అన్నది జబ్బు తీవ్రత చూసి డాక్టరు తేల్చాలి. అక్కడ తేల్చింది ఆధార్ కార్డు మీద అడ్రస్ చూసిన కానిస్టేబుల్. ఆయన తప్పేం లేదు, ఆయన్ని అక్కడ నిలబెట్టారు. రెండు ప్రభుత్వాలూ మొదటి వేవ్ తగ్గాక కూర్చుని, ఇన్ని బెడ్లు ఇలా పంచుకుందాం, ఖర్చు ఇలా కట్టుకుందాం అని రాసుకోవడానికి చేతిలో నెలలున్నాయి. రాసుకోలేదు. ఇప్పటికైనా అలాంటి రాత ఏదైనా మీలో ఎవరి ఆఫీసులోనైనా ఉంటే దయచేసి నాకు చూపించండి, చాలా సంతోషిస్తాను.

లెక్కల గురించి ఒక్క నిమిషం. 2022 జనవరిలో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన పరిహారం లెక్కల్లో, తెలంగాణలో నమోదైన కోవిడ్ మరణాలు 3,993, యాభై వేల పరిహారానికి వచ్చిన దరఖాస్తులు దాదాపు 29 వేలు. అందులో కొన్ని తప్పుడువి ఉండొచ్చు. అయినా ఏడు రెట్ల తేడా తప్పుడు దరఖాస్తులతో పూడదు. అంకె తగ్గించి చూపిస్తే జనంలో టెన్షన్ తగ్గుతుందని ఎవరో అనుకుంటారు. వీధిలో ఎన్ని శవాలు లేచాయో వీధికి తెలుసు. తర్వాత మీరు టీకా వేసుకోండి అని వెళ్తే, వాళ్లు మీ మొహం చూసి ఆ అంకెనే గుర్తు చేసుకుంటారు.

ఇప్పుడు మీరు చేయగలిగింది చెబుతాను. 2023 ఏప్రిల్‌లో దేశమంతా కోవిడ్ మాక్ డ్రిల్ జరిగింది, ఆక్సిజన్ ప్లాంట్లు ఆన్ చేసి చూశారు, బెడ్లు లెక్కబెట్టారు. ఈసారి మీ పీహెచ్‌సీ డ్రిల్లు పెట్టినప్పుడు ఆసుపత్రిలో పెట్టకండి. ఒక వీధికి వెళ్లి, ఒక ఇల్లు ఎంచుకుని, ఈ ఇంటివాళ్లు 21 రోజులు గడప దాటకూడదు అనుకోండి. అప్పుడు ఇంటామెను అడగండి. గేదె పాలు ఎవరు పితుకుతారు? ఆ పాలు కేంద్రంలో పోయనిస్తారా? ముసలాయన షుగర్ మాత్రలు ఎవరు తెస్తారు? పిల్లకు ఇంటర్ పరీక్ష ఉంటే? ఆటో కిస్తీ? పింఛను వేలిముద్ర? ఒక్కో ప్రశ్నకూ ఎవరు చేస్తారో పేరు రాయండి, డబ్బు ఏ పద్దులోంచి వస్తుందో రాయండి. పద్దు దొరకని చోట ఖాళీ వదిలేయండి. ఆ ఖాళీలున్న కాగితాన్ని అలాగే కలెక్టరేట్‌కి పంపండి, నింపి పంపాలన్న తాపత్రయం వద్దు. అవి నింపడం మీ పని కాదు, వాళ్ల పని.

నా టైమ్ అయిపోయిందని చీటీ వచ్చింది. ప్రశ్నలు తీసుకుంటాను. డాక్టర్లు కాసేపు ఆగండి, ముందు ఆశా కార్యకర్తలు అడగాలి. అమ్మా, మైకు అటు ఇవ్వండి.